యాభై సీసీల పదహారేళ్ళు

మోటారు వాహనాల చట్టం, 1988లో నాలుగో సెక్షన్ చాలా పొట్టిది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళెవరూ బహిరంగ ప్రదేశంలో మోటారు బండి నడపకూడదంటుంది. వెంటనే ఒక మినహాయింపు: ఇంజను యాభై సీసీలు దాటని మోటారు సైకిలైతే పదహారు నిండినవాళ్ళు నడపొచ్చు. ఈ మినహాయింపు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. పదహారేళ్ళ పిల్లయినా పిల్లాడైనా, ఇంట్లో పెద్దవాళ్ళు రాసిచ్చిన అంగీకారపత్రంతో ఈరోజుక్కూడా ఎల్లెల్లార్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే మాదాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా షోరూములన్నీ తిరిగినా, ఆ లైసెన్స్ మీద నడపగలిగే యాభై సీసీల పెట్రోలు బండి దొరకదు.

మా వృత్తిలో ఇలాంటిదాన్ని డెడ్ కోడ్ అంటాం. కండిషన్ ఉంటుంది, అందులోకి ఎవరూ వెళ్ళరు, తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అలాంటి లైను కనబడినప్పుడు ఇది ఎవరి కోసం రాశారు, ఎప్పుడు చచ్చిపోయింది అని పాత మార్పులన్నీ తవ్వడం నాకో అలవాటు. ఈ వ్యాసం ఆ తవ్వకమే.

ఈ చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అప్పుడు మినహాయింపులో ఉన్నది సీసీల లెక్క కాదు, 'గేర్లు లేని మోటారు సైకిల్' అన్న మాట. ఆనాటి మన రోడ్లమీద గేర్లు లేని బండి అంటే చాలామందికి లూనా, టీవీయస్ ఫిఫ్టీ. పుణెలో కైనెటిక్ వాళ్ళు 1972లో తెచ్చిన లూనా, హోసూరు నుంచి 1980లో వచ్చిన టీవీయస్ ఫిఫ్టీ, రెండూ యాభై సీసీల మోపెడ్లే. పెడల్ తొక్కి స్టార్ట్ చెయ్యాలి, చెయ్యి తిప్పితే పోతుంది, ఎత్తు వస్తే మళ్ళీ పెడల్ తొక్కి సాయం చెయ్యాలి. సైకిలుకి పెద్దన్న లాంటి బండి. దీనికి పద్దెనిమిదేళ్ళ దాకా ఆగడం ఎందుకని చట్టం రాసినవాళ్ళు అనుకుని ఉంటే తప్పుపట్టలేం. కానీ 1984 నుంచే కైనెటిక్ హోండా రోడ్డు మీద ఉంది. దానికీ గేర్లు లేవు, ఇంజను మాత్రం తొంభై ఎనిమిది సీసీలు. 'గేర్లు లేని' అన్న పాత మాట ప్రకారం పదకొండో క్లాసు కుర్రాడు దాన్ని కూడా దర్జాగా తోలుకుపోవచ్చు. 1994 సవరణలో నాలుగో సెక్షన్‌లోని ఆ మాట తీసేసి 'యాభై సీసీలు దాటని' అని పెట్టారు.

సరదా ఏమిటంటే, అంగీకారపత్రం సంగతి చెప్పే ఏడో సెక్షన్‌లో మాత్రం 'గేర్లు లేని' అన్న పాత మాటే ఉండిపోయింది. ఒక చోట వేరియబుల్ పేరు మార్చి, రెండోచోట మర్చిపోయినట్టు.

సరే, యాభై సీసీలు అన్నారు. ఆ బండ్లు ఎవరు నడిపారు? కోస్తాలోనూ తెలంగాణలోనూ టీవీయస్ ఫిఫ్టీని కొన్నది పదహారేళ్ళవాళ్ళు కాదు. పాలక్యాన్లు రెండు పక్కలా కట్టుకునే పాలాయన, పక్కూరి బడికి వెళ్ళే టీచరు, గడ్డిమోపుతో పొలం నుంచి వచ్చే రైతు. అది నాన్న బండి. పిల్లలు దాన్ని తోలారు, నిజమే, పన్నెండేళ్ళకే కాళ్ళు అందీ అందకుండా తోలారు, ఎవరూ లైసెన్స్ అడగలేదు. కుర్రాళ్ళ కోసమని, ముఖ్యంగా కాలేజీ అమ్మాయిల కోసమని, కంపెనీలు బండ్లు చేయడం మొదలుపెట్టింది తొంభైల్లో. బజాజ్ సన్నీ యాభై సీసీల్లోనే ఉండేది. దాన్ని దాటేసి ఊళ్ళేలిన స్కూటీ మాత్రం మొదటి నుంచీ అరవై సీసీల దగ్గర ఉంది. అంటే టీనేజీకి పర్యాయపదంగా మనందరి జ్ఞాపకాల్లో మిగిలిపోయిన బండి చట్టప్రకారం పదహారేళ్ళవాళ్ళది కానేకాదు. పది సీసీల తేడా. ట్యూషన్‌కి స్కూటీ మీద వచ్చిన ఇంటర్ అమ్మాయిలు మన కళ్ళకి ఎంత పద్ధతైనవాళ్ళలా కనిపించినా, చట్టం లెక్కలో లైసెన్స్‌కి అర్హత లేనివాళ్ళు. ఆ తర్వాత 1996లోనూ 2000లోనూ బిగిసిన పొగ నిబంధనలు టూ స్ట్రోక్ చిన్న ఇంజన్లకు ఊపిరాడనివ్వలేదు. 2001 నాటికి నూరు సీసీలు దాటిన యాక్టివా వచ్చేసింది. చట్టం పదహారేళ్ళవాళ్ళకి తెరిచిపెట్టిన తలుపు అలాగే ఉంది, అందులోంచి పట్టే బండి మాత్రం మాయమైంది. ఎవరూ మూయలేదు కాబట్టి ఎవరూ గోల పెట్టలేదు.

గోల పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. పదహారు, పదిహేడు అంటే తెలుగు పిల్లల లెక్కలో వయసు కాదు, ఇంటర్. 1986లో ఎంసెట్ మొదలైంది. ఆ తర్వాత రెసిడెన్షియల్ కాలేజీలు ఆ రెండేళ్ళనీ గేటు లోపల పెట్టుకున్నాయి. వేరే దేశాల్లో పిల్లలు స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకునే సరిగ్గా ఆ రెండేళ్ళలో మనవాళ్ళు ఇంటిగ్రేషన్ నేర్చుకుంటారు. బండి అనేది ఇంటర్ అయ్యాక, ర్యాంకు వస్తే ఇచ్చే బహుమతి. లైసెన్స్ ఆ బహుమతికి పట్టే దుమ్ము.

కొంచెం వెనక్కి వెళితే, ఈ ఊళ్ళో బండి నడపడం గొప్ప సంగతి కూడా కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటిది, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించింది, ఆయన మాత్రం 1911లోనే పోయాడు. అందులో చూడాల్సింది ఇంజను కాదు, వెనక సీటు: సింహాసనం. దర్జా అంతా వెనకాలే, ముందు కూచున్నవాడు కొలువు చేసేవాడు. 1932లో నిజాం రాష్ట్రపు రైలుసంస్థ రోడ్డు రవాణా శాఖ పెట్టినప్పుడు ఇరవై ఏడు బస్సులు, నూట అరవై ఆరుమంది సిబ్బంది. డ్రైవింగ్ అంటే అప్పటివాళ్ళకు ఒక ఉద్యోగం. లైసెన్స్ ఆ ఉద్యోగపు కాగితం. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో వేరే కథ నడిచింది. అక్కడ 1903 చట్టంతో ఐదు షిల్లింగులు కడితే పదిహేడేళ్ళవాళ్ళెవరికైనా లైసెన్స్, పద్నాలుగేళ్ళకే మోటారు సైకిల్. పరీక్ష అనేదే లేదు, అది తప్పనిసరి అయింది 1935లో. అక్కడ లైసెన్స్ బండి ఉన్నవాడి సరదాగా మొదలై తర్వాత బాధ్యతగా మారింది, ఇక్కడ పనివాడి అర్హతగా మొదలైంది. మనకు తెలిసిన పాత మాట 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' ఇప్పటికీ బతికే ఉండటం నాకు ఇష్టం. మనిషిని కాదు, బండి బ్రేకుల్ని తనిఖీ చేసే అధికారి అన్నట్టు.

ఈ రెండు కథలూ ఒకే రోడ్డు మీద కలుసుకున్న చోటు హైటెక్ సిటీ. 1998 నవంబరు 22న వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక పదేళ్ళలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రాళ్ళగుట్టల మధ్య వెడల్పాటి రోడ్లు పడ్డాయి. బస్సులు వాటితో సమానంగా పెరగలేదు. ఎమ్మెమ్టీయెస్ 2003లో, మెట్రో హైటెక్ సిటీకి 2019లో వచ్చాయి. మధ్యలో ఉన్నదంతా సెవెన్ సీటర్ ఆటోలు, కంపెనీ క్యాబులు, అప్పు మీద కొన్న బైకులు. ఇరవై రెండేళ్ళకు ఉద్యోగం వచ్చి, ఇరవై ఐదుకు కారు ఈఎంఐ మొదలుపెట్టి, అప్పుడు డ్రైవింగ్ స్కూల్ మారుతి ఎయిట్ హండ్రెడ్‌లో హాఫ్ క్లచ్ నేర్చుకున్న తరం మాది. ఆ కారు తోలుతున్న క్యాబ్ డ్రైవరు మాత్రం అదే వయసులో అప్పటికే ఐదేళ్ళ అనుభవజ్ఞుడు. ట్రాన్స్‌పోర్ట్ బండికి చట్టం ఇరవై ఏళ్ళు అడుగుతుంది. ఆ ఇరవై ఎప్పుడు నిండుతాయా అని పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో రోజులు లెక్కపెట్టుకున్న కుర్రాళ్ళు వాళ్ళు. మాకు ఎల్ బోర్డు సిగ్గు, వాళ్ళకు జీతం ముందు మెట్టు.

మాలో చాలామందికి మాత్రం పద్దెనిమిదికే లైసెన్స్ ఉండేది, డ్రైవింగ్ రాకుండానే. ఆధార్ రాకముందు సిమ్ కార్డుకి, రైలు టికెట్టుకి, బ్యాంకుకి, అద్దె ఇంటికి చూపించడానికి ఫొటో ఉన్న సర్కారీ కార్డు కావాలి. పాస్‌పోర్టు దూరం, ఓటరు కార్డులో ఫొటో మనది కాదేమో అన్నట్టుంటుంది. కాబట్టి లైసెన్స్. డ్రైవింగ్ లైసెన్స్ అన్న పదంలో డ్రైవింగ్‌కి ఏ పనీ లేని కాలం అది. 2016లో తెలంగాణ రవాణా శాఖ లైసెన్స్‌నీ ఆర్సీనీ ఫోన్‌లో పెట్టుకునే యాప్ తెచ్చింది. అప్పటికి దాని గుర్తింపు కార్డు ఉద్యోగం ఆధార్‌కి పోయింది, మళ్ళీ అది వట్టి లైసెన్స్ అయింది.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక యువ ఉద్యోగిని ఇంటికి వెళ్ళడానికి క్యాబ్ అనుకుని ఎక్కిన కారు ఆమెను ఎత్తుకుపోయింది. పత్రికలు ఆమెను 'అభయ' అన్నాయి. ఏడాది తర్వాత హైదరాబాదులో షీ టీమ్స్ వచ్చాయి, క్యాబులకు నిబంధనలు బిగిశాయి. వార్తల్లోకి రాని మార్పు ఇంకోటి ఉంది, మా ఆఫీసుల పార్కింగుల్లో కనిపించింది. 'మనకెందుకమ్మా, కంపెనీ క్యాబ్ ఉందిగా' అని కూతుళ్ళకు బండి వద్దన్న తండ్రులే ఆ చలికాలం స్కూటర్ కొనిచ్చారు. ఇరవై నాలుగేళ్ళకు, భయం నేర్పిన డ్రైవింగ్. అదే అమ్మాయికి పదహారేళ్ళకు, తీరికగా, ఒక చిన్న బండి మీద నేర్చుకునే వీలుంటే ఎంత బాగుండేదో. నా వరకు ఆ యాభై సీసీల మినహాయింపు ఎండిపోవడంలో అసలు నష్టం అదే.

అట్లాగని పిల్లల చేతికి తాళాలు ఇచ్చెయ్యమనడం లేదు. 2018లో హైదరాబాదు కోర్టులు మైనర్లకు బండ్లిచ్చిన తల్లిదండ్రుల్ని ఒకటి రెండు రోజులు జైలుకు పంపినప్పుడు చాలామంది నవ్వుకున్నారు, నేను నవ్వలేదు. 2019 సవరణతో అది ఇంకా గట్టిపడింది: మైనరు నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళ దాకా లైసెన్స్ లేదు. శిక్ష సంగతి చట్టం ఇంత వివరంగా రాసింది. నేర్చుకోవడం సంగతి? ఎల్లెల్లార్ తీసుకున్నాక ముప్ఫై రోజులు ఆగాలి, ఆరు నెలల్లోపు పరీక్షకి వెళ్ళాలి. ఆ ముప్ఫై రోజుల్లో ఎన్ని గంటలు నడపాలి, రాత్రి నడపాలా, వానలో నడపాలా, చట్టం అడగదు. పరీక్షలో టూ వీలర్ అయితే కాలు కింద పెట్టకుండా ఎనిమిది కొట్టాలి, కారైతే హెచ్ ఆకారంలో వెనక్కి తియ్యాలి. నాగోలు ట్రాక్ మీద హెచ్ బాగా తీసినవాడు మర్నాడు సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌కి వస్తాడు. అక్కడ హెచ్‌తో పనిలేదు. నాలుగు వైపుల నుంచీ దూసుకొచ్చేవాళ్ళ మధ్య తనకు దక్కాల్సిన సందు ఎంతో, ఇవ్వాల్సిన సందు ఎంతో తెలియాలి.

న్యూజిలాండ్ 1987లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, మెట్లుమెట్లుగా లైసెన్స్. మొదట పక్కన పెద్దవాళ్ళుంటేనే, తర్వాత ఒంటరిగా కానీ అర్ధరాత్రి కాకుండా, స్నేహితుల్ని ఎక్కించుకోకుండా, చివర్లో పూర్తి లైసెన్స్. అమెరికా రాష్ట్రాలు దాన్నే రకరకాలుగా తీసుకున్నాయి. న్యూజెర్సీలో ఇరవై ఒకటి నిండని కొత్త డ్రైవర్ల నంబరు ప్లేటు మీద 2010 నుంచి చిన్న ఎర్ర స్టిక్కరు ఉండాలి. టెక్సాస్‌లో పదిహేనేళ్ళకు లెర్నర్ లైసెన్స్, తల్లిదండ్రులే దగ్గరుండి నేర్పే కోర్సుకు చట్టబద్ధత ఉంది. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఆ పక్క సీట్లో కూచుంటున్నది ఎవరనుకున్నారు? కొండాపూర్‌లో ఇరవై ఐదేళ్ళకు హాఫ్ క్లచ్ నేర్చుకున్న మా సీనియర్లే. వాళ్ళు వీడియో కాల్‌లో చెప్పే కష్టాలు విచిత్రంగా ఉంటాయి. హారన్ కొట్టవద్దని పిల్లాడే తండ్రికి చెబుతాడట. స్టాప్ గుర్తు దగ్గర ఎవరూ లేకపోయినా మూడు క్షణాలు ఆగమని కొడుక్కి చెప్పాలంటే, ముందు తను ఆగాలి కదా. నేర్పడం మొదలుపెట్టాకే తాము అసలు ఎప్పుడూ నేర్చుకోలేదని తెలిసిందని వాళ్ళలో ఒకాయన అన్నాడు.

ఇక్కడ, మన పదహారేళ్ళవాళ్ళకి, దొడ్డిదారిన ఒక బండి వచ్చింది. రెండు వందల యాభై వాట్లు దాటని మోటారు, గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు మించని వేగం ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ నిబంధనల ప్రకారం అసలు మోటారు వాహనమే కాదు. నంబరు ప్లేటు అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, వయసూ అడగరు. గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల సెల్లార్లలో ఇవి వరసగా చార్జింగులో ఉంటాయి. లూనా ఖాళీ చేసి వెళ్ళిన చోట ఇది వచ్చి కూచుంది, కాకపోతే లూనాకి కనీసం ఎల్లెల్లార్, అంగీకారపత్రం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాళ్ళు. దీనికి ఎవరూ లేరు. సాయంత్రం పూట ట్యూషన్ బ్యాగు వీపున వేసుకుని దాని మీద ఒక అమ్మాయి మా గేటు దాటి ఐకియా వైపు ఎడమ పక్క అంచున పోతుంటుంది, గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల వేగంతో. వెనక బస్సు హారన్ కొడుతుంటుంది. అద్దాలు చూడడం, చెయ్యి చూపించడం ఆ పిల్లకు ఎవరో నేర్పినట్టే ఉంది, బహుశా వాళ్ళమ్మ.