దారిలేని సర్కారు భూములు

1862లో అమెరికా ప్రభుత్వము పసిఫిక్ రైలుమార్గమునకై, బాట కిరువైపుల భూములను చదరంగపు గళ్లవలె పంచెను: 640 ఎకరముల ఖండ మొకటి రైలు కంపెనీకి, ప్రక్కది సర్కారునకు. రైలు వచ్చినచో తన ఖండముల వెల పెరుగునని ఆశ. వ్యోమింగు మెట్టనేలలను కొనువారు లేక, సర్కారు గళ్లు పెక్కులు ప్రైవేటు గళ్ల నడుమ చిక్కువడెను. హద్దులు వ్రాసి దారి వ్రాయని దస్తావేజు ఫలమిదియే. 1885 నాటి చట్టము సర్కారు భూములకు అడ్డుకంచెలను నిషేధించెను. అయినను 1979లో సుప్రీంకోర్టు, సెమినో జలాశయమునకు ప్రైవేటు ఖండముల మీదుగా బాటవేయు హక్కును ప్రభుత్వము నాడు తనకు మిగుల్చుకొనలేదని తేల్చెను. దానమిచ్చిన దాతకే దారి లేదు! 2021లో ఎల్కు పర్వతముకడ వేటగాండ్రు, రెండు సర్కారు ఖండములు కలియు మూలను నిచ్చెనతో, ప్రైవేటు నేల త్రొక్కక దాటిరి. భూస్వామి దావా వేయగా, 2025లో అప్పీలు న్యాయస్థానము 1885 నాటి చట్టము మేరకు అట్లు దాటుటను భూస్వామి అడ్డగింపరాదనెను. ఆ తీర్పు ఆరు రాష్ట్రములకే కట్టుబాటు, మోంటానాకు కాదు. మూలలైనను తాకని ఖండములకు దానివలన బాట యేర్పడలేదు.