తెలుగు టీవీ సీరియళ్ల శీర్షిక గీతాలు: నల్లగొండ, పాలమూరు నేపథ్యంలో

టీవీ ధారావాహిక ప్రతి భాగం మొదట్లో, తెర మీద పేర్లు పడుతుండగా వినిపించే పాట శీర్షిక గీతం. జనం వాడుకలో ఇది ‘టైటిల్ సాంగ్’, లేదా ‘సీరియల్ పాట’. నిడివి సాధారణంగా నిమిషం, నిమిషంన్నర. ఆ కాసేపట్లోనే కథలోని రసమేమిటో చెప్పాలి, వంటింట్లో ఉన్నవాళ్లను టీవీ ముందుకు రప్పించాలి. 1990ల ద్వితీయార్ధం నుంచి సుమారు పదిహేనేళ్ల పాటు తెలుగిళ్లలో ఈ పాటలు సినిమా పాటలతో సమానంగా నోళ్లలో నానాయి. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలైన నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో వాటికి దొరికిన ఆదరణ వెనుక రెండు చరిత్రలున్నాయి. ఒకటి ఆ ప్రాంతపు ఆట పాటలది, రెండోది అక్కడికి టీవీ వచ్చిన తీరుది.

పూర్వరంగం

కథకు ముందు పాట ఉండాలన్నది ఈ నేలకు కొత్త సంగతి కాదు. చిందు భాగవతంలో, యక్షగానంలో పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు ప్రవేశ దరువు పాడతారు. వచ్చేది రాజో, రాణో, ఏ మనసుతో వస్తున్నారో ఆ దరువు ముందే చెప్పేస్తుంది. ఒగ్గుకథ కూడా దేవతా స్తుతి లేకుండా మొదలు కాదు. పాలమూరులో కిన్నెర మీటుతూ పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు పాడే సంప్రదాయం ఇంకా బతికే ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా శీర్షిక గీతం ఆయన గొంతుతోనే మొదలవుతుంది. ముందు పాట విని, ఆ వెంట కథలోకి వెళ్లడం ఇక్కడి శ్రోతలకు తరాల నాటి అలవాటు. టీవీ ఆ అలవాటుకు కొత్త చోటు చూపింది.

ఊరికి టీవీ వచ్చిన వేళ

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం పూర్తి స్థాయిలో పని మొదలుపెట్టక ముందే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ‘సైట్’ పేరుతో ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఇస్రో, ఆకాశవాణి కలిసి కార్యక్రమాలు అందించాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. బడి దగ్గరో, పంచాయతీ దగ్గరో ఒక టీవీ సెట్టు పెట్టారు. దానికి మూడు మీటర్ల వెడల్పున్న గొడుగు యాంటెన్నా బిగించారు. దాన్ని కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో అల్లారు. పొద్దున పిల్లలకు పాఠాలు వచ్చేవి. సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, ఆట పాటలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లోని నిర్మాణ కేంద్రంలో తయారయ్యేవి.

ఏడాది తిరిగేసరికి ఆ ఉపగ్రహం వెనక్కి మళ్లింది. టీవీని ఊరంతా కలిసి చూసే పద్ధతి మాత్రం నిలిచిపోయింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి, 1984 తర్వాత దేశమంతటా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. అయినా చాలా ఊళ్లలో టీవీ ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఇంటి వాకిలే ఊరికి సినిమా హాలు. లోపల చోటు దొరకనివాళ్లు అరుగు మీద, కిటికీ బయట నిలబడి చూసేవారు. బొమ్మ అందరికీ కనిపించేది కాదు, పాట మాత్రం అందరికీ వినిపించేది. సీరియల్ పాట ఊరుమ్మడి జ్ఞాపకంగా మారడానికి మొదటి కారణం ఇదే.

హిందీ పాటలు, తెలుగు చెవులు

తొలి దశలో ఈ జిల్లాల వాళ్లకు అలవాటైనవి జాతీయ ప్రసారాల్లోని పాటలే. 1984లో ‘హమ్ లోగ్’ మొదలైంది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా ఆదివారం పొద్దుటి పూట వచ్చింది. దానికి సంగీతం రవీంద్ర జైన్. వెంటనే 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలై 1990 దాకా సాగింది. మహేంద్ర కపూర్ గొంతెత్తి పాడిన దాని శీర్షిక గీతం విని, హిందీ రానివాళ్లు కూడా శంఖం ఊది పిలిచినట్టు టీవీ ముందుకు చేరేవారు. నిజాం కాలం నుంచి ఉర్దూ చెవిన పడుతూ వచ్చిన పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో ఆ హిందుస్తానీ మాటలు మరీ పరాయివిగా తోచలేదు.

మాటలు తక్కువగా, స్వరమే ప్రాణంగా సాగిన బాణీ ‘మాల్గుడి డేస్’ది. శంకర్ నాగ్ దర్శకత్వంలో వచ్చిన ఆ ధారావాహికకు ఎల్. వైద్యనాథన్ సంగీతం కూర్చారు. హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన శ్యామ్ బెనెగల్ 1988లో తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’కు వనరాజ్ భాటియా ఋగ్వేదంలోని నాసదీయ సూక్తాన్ని స్వరపరిచారు. శీర్షిక గీతాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోవచ్చో చూపిన రచన అది.

తెలుగు పాట సొంత గొంతు

తెలుగు సీరియల్ పాటకు పెద్ద మలుపు దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’. దర్శకురాలు మంజులా నాయుడు. బలభద్రపాత్రుని మధు రాసిన పాటకు బంటి బాణీ కట్టారు, సునీతతో కలిసి తానూ పాడారు. పేరుకు తగ్గట్టే ఈ పాట బతుకులోని సుఖదుఃఖాలను ఋతువులతో పోలుస్తుంది. హోరెత్తించే వాద్యాలు లేవు, సాగదీసిన సంగతులు లేవు. లలిత సంగీతం బడిలో నేర్చుకున్న నడక అది. రేడియోలో లలిత గీతాలు వింటూ పెరిగిన తల్లులకూ, సినిమా పాటలతో పెరుగుతున్న పిల్లలకూ ఒకేసారి నచ్చడానికి ఆ నడకే కారణం. కథ మరిచిపోయినవాళ్లకు కూడా ఈ పాట గుర్తుంది.

1995లో జెమిని, ఈటీవీ రావడంతో కేబుల్ కాలం మొదలైంది. ‘అన్వేషిత’, ‘అంతరంగాలు’ వంటి ఈటీవీ సీరియళ్లు తమ పాటలతోనే ఇంటింటికీ పరిచయమయ్యాయి. మంజులా నాయుడు ‘చక్రవాకం’ 2003లో జెమినిలో మొదలైంది. అది ముగిసిన 2008లోనే ‘మొగలిరేకులు’ వచ్చి 2013 దాకా నడిచింది. వరుసగా పదేళ్లు రాత్రి భోజనాల వేళను ఈ రెండే శాసించాయంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. పాట వినబడితే అన్నం పెట్టే పొద్దయిందని ఇంట్లో అందరికీ అర్థమయ్యేది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే వాడంతా ఒక్కసారి ఉసూరుమనేది.

హాస్యానికి దొరికిన పాట ‘అమృతం’ది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినిలో ఆదివారాల్లో 313 భాగాలుగా వచ్చింది. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాటకు కళ్యాణి మాలిక్ సంగీతం. చిన్న కష్టాలకే కుంగిపోవద్దన్న ధైర్యవచనాన్ని, పక్కింటి మనిషితో ముచ్చట పెట్టినట్టు రోజువారీ మాటల్లో చెప్పిన పాట అది. సినిమాల్లో గంభీర తత్వాన్ని రాసిన కవి ఒక హాస్య ధారావాహికకూ అంతే శ్రద్ధ పెట్టడం ఈ ప్రక్రియకు దక్కిన గౌరవం.

పాట పని చేసే తీరు

సినిమా పాటను శ్రోత కోరుకున్నప్పుడు వింటాడు. సీరియల్ పాట రోజూ అదే వేళకు తానే వస్తుంది. వారానికి ఐదు రోజుల లెక్కన ఏడాదికి రెండు వందల యాభై సార్లకు పైగా చెవిన పడుతుంది. ఎవరూ కూర్చుని నేర్చుకోకపోయినా నోటికి వచ్చేస్తుంది. అందుకే స్వరకర్తలు మొదటి నాలుగైదు స్వరాల మీదే ఎక్కువ కష్టపడతారు. వీధి మలుపులో ఉన్న మనిషి కూడా ఆ కాస్తకే ఏ సీరియలో పోల్చుకోవాలి. పాటంతా ఒక పల్లవి, ఒక చిన్న చరణం. కథ ఎన్ని మలుపులు తిరిగినా చెల్లేలా కవి పాత్రల పేర్లను, సంఘటనలను వదిలి ప్రేమ, ఎడబాటు, నమ్మకం, విధి వంటి భావాలను పట్టుకుంటాడు. ఏ సీరియల్ పాటైనా వినేవాళ్ల సొంత బతుకుకు అతుక్కుపోవడం అందువల్లే.

పాలమూరుకు ఈ అతుకు మరింత లోతైనది. వానలు తక్కువై, ఊళ్లలో పని దొరక్క ముంబయి, పుణె వంటి నగరాలకు వలస వెళ్లిన కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. కేబుల్ పుణ్యమా అని తెలుగు చానళ్లు ఆ నగరాల బస్తీలకూ చేరాయి. ఊళ్లో అవ్వ వింటున్న పాటనే, అదే వేళకు, అక్కడి కోడలూ వినగలిగింది.

జపాన్ ఉదాహరణ

తెలుగుతో పోల్చి చూస్తే, జపాన్‌లో శీర్షిక గీతాలకు ప్రత్యేక మర్యాద ఉంది. అక్కడి ఎన్‌హెచ్‌కే సంస్థ 1961 నుంచి ఉదయపు ధారావాహికలు ప్రసారం చేస్తోంది. 1983లో వచ్చిన ‘ఓషిన్’ 297 భాగాలు నడిచింది. 1991 నాటి ‘టోక్యో లవ్ స్టోరీ’కి ఒదా కజుమసా పాడిన పాట లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. నాటకం ముగిశాక కూడా పాట గాయకుడి పేరు మీద బతికింది. తెలుగులో సినిమా పాటకు ఉన్న క్యాసెట్ల అంగడి సీరియల్ పాటకు ఏర్పడలేదు. ప్రసారం ఆగితే పాటా ఆగింది, జనం నోట మాత్రమే మిగిలింది.

నేటి స్థితి

2010ల తర్వాత ప్రకటనల ఒత్తిడి పెరిగి శీర్షిక గీతాలు కొన్ని సెకన్లకు కుదించుకుపోయాయి. ఓటీటీలో ఒక మీట నొక్కితే పాటను దాటేయవచ్చు. మరోవైపు పాత సినిమా పాటలకు సీరియళ్లు కొత్త ఊపిరి పోస్తున్నాయి. 2017లో మొదలైన స్టార్ మా ‘కార్తీకదీపం’ 1979 నాటి అదే పేరున్న సినిమా పాటను వాడుకుని, దాన్ని కొత్త తరానికి అందించింది.

శీర్షిక గీతాలను రాసినవాళ్లు, పాడినవాళ్లు, వాయించినవాళ్లు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. జానపద గేయాలను, లలిత గీతాలను సేకరించినంత శ్రద్ధగా ఈ పాటలనూ వాటి కర్తల పేర్లతో సహా సేకరించి, మంచి ధ్వనితో భద్రపరచాలి. రెండు తరాల తెలుగు ఇళ్లు ఏ వేళకు కలిసి కూర్చున్నాయో, ఏ మాటలకు కరిగాయో చెప్పే ఆధారాలివి. తెలుగు పాట చరిత్ర రాసేవాళ్లు వీటికి ఒక అధ్యాయం కేటాయించకపోతే ఆ చరిత్ర అసంపూర్ణమే.