రేడియో మోడల్ విమానాల పోరులో ఎలక్ట్రానిక్ సాధనాలు

రేడియో సంకేతాలతో ఎగిరే మోడల్ విమానాలు ఒకదాన్నొకటి తాకకుండా, పరారుణ కిరణాల సాయంతో గాలిలో తలపడేందుకు అమర్చే పరికరాలే ఎలక్ట్రానిక్ పోరాట సాధనాలు. విమానం ముక్కులో కిరణాన్ని విడిచే ఎల్‌ఈడీ, ఎదుటి విమానం ఒంటిమీద దాన్ని పసిగట్టే సెన్సర్, దెబ్బ తగిలిందని తేలగానే మోటారును కాసేపు ఆపే చిన్న సర్క్యూటు వీటిలో ముఖ్యమైనవి. సైనిక శిక్షణలో, బొమ్మల పరిశ్రమలో, టీవీ రిమోట్‌లో విడివిడిగా పెరిగిన పనితనం అంతా మోడల్ విమానంలోకి చేరడమే వీటి చరిత్ర.

తూటా లేకుండా గురిని పరీక్షించాలన్న ఆలోచన మొదటి ప్రపంచయుద్ధం నాటిది. బ్రిటన్‌లోని హైత్‌లో ఉన్న వైమానిక తుపాకీ శిక్షణ పాఠశాల పేరుమీద ‘హైత్ గన్ కెమెరా’ వచ్చింది. థార్న్‌టన్-పికార్డ్ సంస్థ తయారుచేసిన ఈ కెమెరా చూడటానికి లూయిస్ మెషిన్‌గన్‌లా ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే గుండు పేలడానికి బదులు ఫొటో పడేది. ఫిల్ము కడిగాక గురి ఎక్కడ కుదిరిందో, ఎక్కడ తప్పిందో శిక్షకుడు చూపించేవాడు. ఫలితం నేలమీదికి దిగాకే తెలియడం దీని లోపం. ఆ లోపం లేని ఆటను 1936లో అమెరికాలో సీబర్గ్ కంపెనీ ‘రే-ఓ-లైట్’ పేరుతో తెచ్చింది. తుపాకీ నుంచి వచ్చిన వెలుగు కదిలే బాతుబొమ్మలోని ఫొటోసెల్ మీద పడితే చాలు, బాతు అక్కడికక్కడే కూలేది.

గురి పరీక్ష ఒక పాయ అయితే, రేడియో నియంత్రణ మరో పాయ. రేడియోతో పడవను నడిపి చూపినవాడు నికోలా టెస్లా (న్యూయార్క్, 1898). తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఈ విద్య ఎక్కువగా సైన్యాల చేతుల్లోనే ఉండిపోయింది. 1935లో బ్రిటన్ తన టైగర్ మాత్ విమానాన్ని మనిషి లేకుండా ఎగిరే ‘క్వీన్ బీ’గా మార్చి, ఫిరంగి దళాలకు సాధన లక్ష్యంగా ఇచ్చింది. అభిరుచిపరుల వైపు నుంచి అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూకు చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో ‘గఫ్’ అనే మోడల్‌ను రేడియోతో ఎగరేశారు. ఇంట్లో కూర్చి కట్టిన రేడియోతో సాధించిన ఈ విజయం మోడల్ విమాన చరిత్రలో అతి గొప్పవాటిలో ఒకటి. గఫ్ 1960లో స్మిత్సోనియన్ సంగ్రహాలయానికి చేరింది.

అభిరుచికీ ఆయుధానికీ మధ్య వంతెన వేసినవాడు రెజినాల్డ్ డెన్నీ. ఇంగ్లండ్‌లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, హాలీవుడ్ నటుడైన ఈయన 1934లో అక్కడే మోడల్ విమానాల దుకాణం తెరిచాడు. ఆ దుకాణం వెంట పుట్టిన రేడియోప్లేన్ కంపెనీ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి దాదాపు 15,000 రేడియో లక్ష్య విమానాలను అందించింది. లక్ష్య విమానం దెబ్బలు తినడానికే పుట్టింది. తిరిగి కొట్టే మోడల్ కోసం ఇంకా చాలాకాలం ఆగాల్సి వచ్చింది.

మోడళ్ల మధ్య పోరు మొదట తీగలమీద జరిగింది. పైలట్ చేతిలోని పిడికి కట్టిన రెండు సన్నని ఉక్కు తీగల చివర విమానం గుండ్రంగా తిరుగుతుంది. తోకకు పొడవాటి కాగితపు పట్టీ, అంటే స్ట్రీమర్, కట్టి ఉంటుంది. సంక్రాంతికి మాంజాతో ఎదుటివాడి గాలిపటాన్ని కోసినట్టే ఇక్కడ ప్రొపెల్లర్‌తో ఎదుటి విమానం తోకను కోయాలి. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఈ పోటీకి ఎఫ్2డి అని పేరుపెట్టింది. ఆట నాలుగు నిమిషాలు, ప్రతి కోతకు 100 పాయింట్లు. రేడియో మోడళ్లలోనూ ఇదే పద్ధతి వచ్చింది. 1980లలో స్వీడన్‌లో మొదలైన ‘ఏసెస్’ పోటీల్లో రెండో ప్రపంచయుద్ధ విమానాల 1:12 కొలత నమూనాలు స్ట్రీమర్లతో తలపడతాయి. చూడముచ్చటైన ఆట ఇది. అయితే తోకను కోయాలంటే ప్రొపెల్లర్ అంత దగ్గరికి వెళ్లాలి, అంత దగ్గరికి వెళితే ఢీకొనే ముప్పు తప్పదు. వారాల తరబడి కట్టిన మోడల్ క్షణంలో తునాతునకలవుతుంది.

ఎలక్ట్రానిక్ మార్గానికి దారి తీసిన మార్పు 1960లలో రిసీవర్‌లో జరిగింది. అంతకుముందు చుక్కాని ఒక పక్కకు పూర్తిగా తిరిగేది, లేదంటే మధ్యకు వచ్చేది. డగ్ స్ప్రెంగ్, డాన్ మాథెస్ రూపొందించిన డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతితో పైలట్ చేతిలోని ట్రాన్స్‌మిటర్ కర్ర ఎంత కదిపితే చుక్కాని అంతే కదలసాగింది. క్రమంగా ఒక ఒప్పందంలాంటిది స్థిరపడింది: రిసీవర్ ప్రతి సర్వోకూ, అంటే చుక్కాని వంటివాటిని కదిపే చిన్న మోటారుకూ, సెకనుకు సుమారు 50 సార్లు ఒక పల్సు పంపుతుంది, దాని నిడివి 1 నుంచి 2 మిల్లీసెకన్లు. ఏ కంపెనీ సామానైనా దాదాపు ఇదే లెక్క. మధ్యలో చేరి పల్సును చదివి, మార్చి, ముందుకు పంపే పరికరం చేయడం అందువల్లే తేలికైంది.

గురిని కిరణంతో పరీక్షించే సాధనాలన్నిటిలోకీ విశిష్టమైనది అమెరికా సైన్యపు ‘మైల్స్’. జిరాక్స్ సంస్థ ఎలక్ట్రో-ఆప్టికల్ విభాగం 1970లలో రూపొందించిన దీన్ని 1980 ప్రాంతంలో శిక్షణలో ప్రవేశపెట్టారు. రైఫిల్ గొట్టానికి బిగించిన చిన్న లేజర్, ఖాళీ తూటా పేలిన చప్పుడుకు స్పందించి 904 నానోమీటర్ల అదృశ్య కిరణాన్ని సంకేత రూపంలో విడుస్తుంది. సైనికుడి ఛాతీ పట్టీల మీద, హెల్మెట్ మీద సెన్సర్లుంటాయి. దెబ్బ తగిలితే బజర్ మోగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే తన లేజర్ నుంచి తాళంచెవి తీయాలి. తీసిన క్షణం నుంచి అతని ఆయుధం పనిచేయదు. చనిపోయినవాడు పోట్లాటలోకి తిరిగి రాకుండా యంత్రమే అడ్డుపడే ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది. మోడల్ విమానాల్లో థ్రాటిల్ కోతకు, అంటే దెబ్బ తగలగానే మోటారును ఆపడానికి, ఆలోచనగా మూలం ఇందులోనే కనిపిస్తుంది. ఏజెస్ పేరుతో ఈ పద్ధతిని హెలికాప్టర్లకూ విస్తరించారు.

ఆటల్లో 1984లో డల్లాస్‌లో జార్జ్ కార్టర్ తెరిచిన ‘ఫోటాన్’ కేంద్రం, 1986లో వరల్డ్స్ ఆఫ్ వండర్ కంపెనీ అమ్మిన ‘లేజర్ ట్యాగ్’ బొమ్మ పరారుణ పోరును ఇళ్లలోకి తెచ్చాయి. వీటికన్నా పెద్ద మేలు టీవీ రిమోట్ చేసింది. 1956లో జెనిత్ కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ చేసిన రిమోట్ అతిధ్వనితో పనిచేసేది. 1980లలో పరారుణ రిమోట్లు దాన్ని పక్కకు నెట్టాయి. ఫొటోడయోడ్, ఆంప్లిఫయర్, 38 కిలోహెర్ట్జ్‌కు శ్రుతి చేసిన ఫిల్టర్ ఒకే మూడు కాళ్ల తునకలో ఇమిడిపోయి చవగ్గా దొరకడం అప్పటినుంచే మొదలైంది.

రిమోట్ సామాను మోడల్ విమానానికి సరిపడేలా మార్చడంలో మొదటి చిక్కు ఎండ. సూర్యకాంతి శక్తిలో సగానికి పైగా పరారుణమే. ఇంటి గోడల మధ్య బాగా పనిచేసే సెన్సర్ ఆరుబయట మొద్దుబారుతుంది. గాలిలోని నీటి ఆవిరి 940 నానోమీటర్ల దగ్గర సూర్యకాంతిని కొంత పీల్చుకుంటుంది కనుక 850 నానోమీటర్ల ఎల్‌ఈడీకి బదులు 940 నానోమీటర్లదే ఎంచుకోవడం మేలు. సెన్సర్ చుట్టూ నల్లని చిన్న గొట్టం తొడుగుతారు. ఎల్‌ఈడీ ముందు కటకం పెట్టి కిరణపు కోణాన్ని సగం చేస్తే తీవ్రత దాదాపు నాలుగింతలవుతుంది, కానీ గురి అంత కష్టమవుతుంది. ఈ రెండింటి మధ్య తూకం కుదర్చడమే అసలు నేర్పు. వెంటాడే విమానం వెనక నుంచే వస్తుంది కాబట్టి సెన్సర్‌ను తోకవైపు చూసేలా అమర్చడం సబబు.

థ్రాటిల్ తీగను రిసీవర్‌కూ స్పీడ్ కంట్రోలర్‌కూ మధ్య తెంచి అక్కడ మాడ్యూల్‌ను, అంటే మోటారును ఆపే చిన్న సర్క్యూటును, కలుపుతారు. మామూలుగా అది వచ్చిన పల్సునే దాటిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు మాత్రం కొన్ని సెకన్లపాటు 1 మిల్లీసెకను పల్సు పంపి మోటారును ఆపుతుంది. కంట్రోలర్ రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇస్తూనే ఉంటుంది గనుక విమానం పైలట్ అదుపు తప్పదు, గ్లైడర్‌లా జారుతుంది. దెబ్బతిన్నవాడు ఎత్తు కోల్పోతాడు తప్ప విమానాన్ని కోల్పోడు. ఈ రంగంలో వచ్చిన ఏర్పాట్లన్నిటిలోకీ ఇదే ఉత్తమం. కాల్పులకు ఖాళీగా ఉన్న ఐదో ఛానల్ స్విచ్చు చాలు. ప్రతి విమానానికీ వేరే కోడ్ ఇస్తే తన కిరణమే ఎక్కడో తగిలి వెనక్కి వచ్చినా మాడ్యూల్ మోసపోదు. ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోకంట్రోలర్, 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డు ఈ పనిని విద్యార్థుల చేతికి తెచ్చాయి. రిసీవర్, మోటారు నియంత్రణ ఒకే పలకమీద ఉండే చవక మోడళ్లలో మాత్రం తెంచడానికి తీగే ఉండదు. వాటికి వేరే రిసీవర్ వేసుకోక తప్పదు.

బజారులో హాబీజోన్, పార్క్‌జోన్ మోడళ్లు కొన్నింటికి 2000ల దశకంలో ‘ఎక్స్-పోర్ట్’ అనే సాకెట్, అందులో గుచ్చే ‘సోనిక్ కంబాట్’ మాడ్యూల్ వచ్చాయి. 2005లో స్పెక్ట్రమ్ డీఎక్స్6తో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వ్యాపించాక, ఒకరి ఛానల్ మీద మరొకరు పడి విమానాలు కూలే బెడద తగ్గి, ఎక్కువమంది ఒకేసారి ఎగరేయడం సాధ్యమైంది. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన పారట్ కంపెనీ ‘ఏఆర్ డ్రోన్’తో కెమెరానే గురిచూసే కన్నుగా చేసింది. తర్వాత బొమ్మల డ్రోన్లెన్నో వచ్చాయి.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు 25 కిలోలకు మించకుండా, విద్య, పరిశోధన, వినోదాల కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరేసేవాటిని మోడల్ విమానాలుగా గుర్తిస్తాయి. ఎగరేసే చోటు అనుమతి అవసరమైన రెడ్ జోన్‌లో ఉందో, ఎల్లో జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ముందే చూసుకోవాలి. పరారుణ ఎల్‌ఈడీకి బదులు లేజర్ పాయింటర్ డయోడ్ బిగించడం ఎంత మాత్రం తగదు. గాలిలో తిరిగే విమానం నుంచి ఆ కిరణం చూసేవారి కళ్లమీదా, పైన వెళ్లే అసలు విమానాల మీదా పడుతుంది.