మారుతీ ఓమ్నీలో ఇంజన్ ఆయిల్ లీకు

మారుతీ ఓమ్నీ భారతదేశంలో 1984లో మారుతీ వ్యాన్ అనే పేరుతో విడుదలైన చిన్న వ్యాను. దీని ఉత్పత్తి 2019లో నిలిచిపోయింది. పాఠశాల వ్యానుగా, అంబులెన్సుగా, సరుకుల బండిగా విస్తారంగా వాడబడిన ఈ వాహనంలో, వయసు మీరే కొద్దీ తరచుగా కనిపించే లోపాలలో ఇంజన్ ఆయిల్ లీకు ఒకటి. కారణం చిన్నదైతే దీనిని ఇంటి వద్దనే సరిచేసుకోవచ్చు. అయితే ఆయిల్ చుక్క నేల మీద పడే చోటు, లీకు మొదలైన చోటు సాధారణంగా ఒకటి కావు. కనుక ఏ భాగాన్నైనా మార్చే ముందు లీకు మూలాన్ని కనుగొనడం అవసరం.

ఇంజను అమరిక

ఓమ్నీలో 796 సీసీ సామర్థ్యం గల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. దాని వెనుక గేరుబాక్సు ఉండి, వెనుక చక్రాలకు శక్తి అందుతుంది. ముందు సీటును ఎత్తితే ఇంజను పైభాగం కనిపిస్తుంది. ఈ అమరిక వలన పైభాగపు మరమ్మత్తు సులభమైనప్పటికీ, లీకు వలన కలిగే ప్రమాదం ఎక్కువ. వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే మాడిన వాసన, పొగ నేరుగా ప్రయాణికులు కూర్చున్న చోటికి వస్తాయి. నిప్పు అంటుకునే అవకాశం కూడా ఉంటుంది. చిన్న ఇంజను కావడం వలన ఇందులో పట్టే ఆయిల్ తక్కువ. అది మరింత తగ్గితే బేరింగులు అరిగి ఇంజను పట్టేస్తుంది.

కారణాలు

రబ్బరు గ్యాస్కెట్లు, సీళ్ళు ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి, మెత్తదనం కోల్పోయి పగులుతాయి. ఆయిల్ కారే ముఖ్యమైన చోట్లు:

- ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్
- ఆయిల్ ఫిల్టరు రబ్బరు రింగు
- ఆయిల్ చాంబర్ గ్యాస్కెట్, దాని డ్రెయిన్ బోల్టు వాషరు
- కామ్‌షాఫ్ట్, క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ సీళ్ళు
- ఆయిల్ ప్రెషర్ స్విచ్

ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం మడ్డితో మూసుకుపోతే లోపల పీడనం పెరిగి, బాగున్న సీలు నుండి కూడా ఆయిల్ బయటికి తన్నుకు వస్తుంది. అందువలన గ్యాస్కెట్ మార్చే ముందు ఈ గొట్టాన్ని పరిశీలించాలి.

మూలాన్ని కనుగొనడం

ఇంజను చల్లారిన తరువాత పాత మడ్డిని బ్రష్షుతో, డీగ్రీజరుతో శుభ్రం చేయాలి. డిస్ట్రిబ్యూటర్, వైర్లు తడవకుండా చూడాలి. ఇంజను పూర్తిగా ఆరిన తరువాత అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడరు పలుచగా చల్లి, ఇంజనును పది నిమిషాలు నడిపి ఆపి, టార్చిలైటుతో చూడాలి. పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన ఉన్నదే సాధారణంగా లీకు మూలం. ట్యాపెట్ కవర్ నుండి కారిన ఆయిల్ ఇంజను పక్కగా జారి చాంబర్ అంచున చుక్క కడుతుంది. దీనిని చూసి చాంబర్ గ్యాస్కెట్ పోయిందని పొరబడటం పరిపాటి.

ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ మార్చడం

1. బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుగా రాళ్ళు పెట్టాలి. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి.
2. సీటు ఎత్తి, అడ్డు వచ్చే గొట్టాలను, ప్లగ్గు వైర్లను గుర్తులు పెట్టుకుని తీయాలి.
3. కవర్ బోల్టులు విప్పి కవరును నెమ్మదిగా ఎత్తాలి. లోపల దుమ్ము పడకుండా శుభ్రమైన గుడ్డ కప్పాలి.
4. పాత గ్యాస్కెట్ ముక్కలను గీతలు పడకుండా తీసి, రెండు అంచులను పొడిగా తుడవాలి.
5. కొత్త గ్యాస్కెట్‌ను గాడిలో సరిగా కూర్చోబెట్టి, గుడ్డ తీసివేసి, కవర్ బిగించాలి.

బోల్టులను ఒక్కొక్కటిగా కాక, అన్నిటినీ కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే గ్యాస్కెట్ నలిగి, కవర్ అంచు వంగి లీకు ఎక్కువవుతుంది. చివరగా డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసి, రెండు గుర్తుల మధ్య ఉండేలా నింపి, ఇంజను నడిపి మళ్ళీ పరిశీలించాలి.

మెకానిక్కు అవసరమయ్యే సందర్భాలు

క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు మార్చడానికి గేరుబాక్సును దించాలి. ముందు సీళ్ళ కోసం టైమింగ్ బెల్టు తీయాలి; బెల్టు గుర్తులు తప్పితే ఇంజను సరిగా నడవదు. ఈ పనులను అనుభవం గల మెకానిక్కుకే అప్పగించడం మేలు. కేవలం జాకీ ఆధారంగా ఎత్తిన బండి కిందకు ఎట్టి పరిస్థితిలోనూ దూరరాదు. నడుస్తుండగా ఆయిల్ ఎర్రదీపం వెలిగితే వెంటనే ఇంజను ఆపాలి.

వాడిన ఆయిల్

భారతదేశపు నిబంధనల ప్రకారం వాడిన ఇంజన్ ఆయిల్ హానికర వ్యర్థం. దీనిని మురుగు కాలువలో గాని, నేల మీద గాని పారబోయక, మూత గల డబ్బాలో భద్రపరచి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి.

ఇవి కూడా చూడండి

- మారుతీ ఓమ్నీ
- అంతర్దహన యంత్రం
- కందెన