ఒక ఇంటివాడు

‘ఇంటివాడు’ అన్న మాట ముందు ‘ఒక’ చేరిందంటే అర్థం మారిపోతుంది. ‘ఇంటివాడు వచ్చాడు’ అంటే అద్దె వసూలుకు యజమాని వచ్చాడని. ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటే పెళ్ళయిందని. ఈ రెండో మాటకు సొంత ఇల్లుతో పని లేదు. తండ్రి కట్టిన పెంకుటింట్లో ఓ గది ఇచ్చినా వాడు ఇంటివాడే. కుటుంబం, సంసారం అన్నవి సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం గానీ, మన సొంత మాట ఇల్లే. దానికి ఆలు కలిసి ఇల్లాలయింది. అదే ‘ఇంటి’గా మారి ఇంటిపేరు, ఇంటికోడలు, ఇంటిల్లిపాది అయినప్పుడు గోడలు కనబడవు, మనుషులే కనబడతారు.

ఆ మాట దుబాయ్‌లో దిగాక దాని గతి వేరు.

అక్కడ పెళ్ళాం పిల్లలు పక్కన లేని మగవాడు ‘బ్యాచిలర్’. జగిత్యాలలో ముగ్గురు పిల్లలున్నా సరే, మనవణ్ణి ఎత్తుకున్నా సరే. హైదరాబాదు టులెట్ బోర్డు మీది బ్యాచిలర్ కనీసం పెళ్ళికానివాడు. కుటుంబాలుండే పేటల్లో ఈ బ్యాచిలర్లకు అద్దెకివ్వకూడదన్న కట్టడి దుబాయ్‌లోనూ ఉంది, షార్జాలోనూ ఉంది. అందుకని సోనాపూర్, అల్ ఖూజ్ కార్మికుల క్యాంపుల్లోనో, దేరాలో బెడ్ స్పేస్ తీసుకునో ఉంటారు. దాన్ని ఇల్లని ఎవరూ అనరు. ‘రూముకు పోతున్న’ అంటారు. ‘ఇంటికి పోతున్న’ అన్నాడంటే విమానం టికెట్ చేతికొచ్చిందన్నమాట. మాట వాడటంలో ఇంత కచ్చితత్వం పండితుల్లో కూడా తక్కువే.

ఈ బ్యాచిలర్‌ను మళ్ళీ ఇంటివాణ్ణి చేసేది పురోహితుడు కాదు, జీతం చీటీ. నెలకు 4,000 దిర్హాములు, వసతి కంపెనీదైతే 3,000 ఉంటేనే భార్యాబిడ్డలను స్పాన్సర్ చేసే వీలు. దుబాయ్‌లో పైగా ఎజారీ కావాలి. అద్దె ఒప్పందాల నమోదుకు 2010లో పెట్టిన ఆ పేరుకు అరబ్బీలో ‘నా అద్దె’ అని అర్థం. మనకది బొత్తిగా కొత్త చుట్టమేమీ కాదు. పాత రెవెన్యూ కాగితాల్లోని ఇజారా, ఇజారాదారు ఆ అరబ్బీ మాట సంతతే, పారశీకం మీదుగా మన ఊళ్ళకొచ్చాయి. అప్పట్లో ఇజారాదారు కనబడితే రైతు గుండె జారేది. ఇప్పుడు ఎజారీ చేతికొస్తే ఊరికి వీడియో కాల్ చేస్తున్నారు.

ఇంకో తిరకాసు. భార్య కూడా భర్తను స్పాన్సర్ చేయవచ్చు. అక్కడ నర్సుగా చేస్తున్న అమ్మాయి మొగుణ్ణి రప్పించుకుంటే, ఎవరు ఎవర్ని ఒక ఇంటివాణ్ణి చేసినట్టు? ఇల్లాలన్న మాట ఇంత బరువు మోయగలదని నిఘంటుకారులు అనుకుని ఉండరు.

సరే, సంసారం వచ్చింది. షార్జాలో ఫ్లాటు. పాలు పొంగించారు. పసుపు రాద్దామని చూస్తే తలుపు కింద గడప లేదు, నేల పలకలే. గడప బొమ్మ అచ్చేసిన స్టిక్కర్ అంటించి, దాని పక్కన చిన్న ముగ్గు వేశారు. మనవాళ్ళు ఊరి పెద్దరికాన్ని గడపలతో లెక్కగట్టేవారు: వంద గడపల ఊరు, రెండొందల గడపల ఊరు. ఈ భవనంలో అంతకంటే ఎక్కువ సంసారాలున్నాయి. గడపల లెక్కన చూస్తే మాత్రం స్టిక్కర్ ఉన్న ఈ ఒక్క గడపే ఊరు. నవ్వొస్తుంది గానీ, ఆ స్టిక్కర్ చిరిగితే మళ్ళీ ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్ళను చూసి నవ్వలేను.

క్యాంపు వైపు ఇంకొకడు సెలవు మీద ఊరెళ్ళాడు. అక్కడ సంబంధం కుదిరింది, లగ్నం పెట్టారు, బంధువులంతా ‘ఒక ఇంటివాడయ్యాడు’ అన్నారు. సెలవైపోయి తిరిగొచ్చి రూములో స్వీట్లు పంచి, మెట్లెక్కి తన పాత పైమంచం మీద దుప్పటి పరుచుకున్నాడు.