మాలమ్యూట్ కొనాలనుకుంటున్నారా? నెల్లూరు ఉక్కపోతలో దాన్ని పెంచడం అంత ఈజీ కాదు!

తోడేలు లాంటి ముఖం, గుబురు బొచ్చు, వీపు మీదికి మెలి తిరిగిన తోక.. మంచులో దొర్లే అలస్కన్ మాలమ్యూట్ వీడియో చూస్తే ఎవరికైనా పెంచుకోవాలనిపిస్తుంది. కానీ నెల్లూరు లాంటి తీరప్రాంతంలో కొనే ముందు ఈ విషయాలు తెలుసుకోవాల్సిందే.

ఎక్కడిదీ జాతి?
అలస్కాలోని కోట్‌జెబ్యూ సౌండ్ ప్రాంతంలో మాలెమ్యూట్ తెగవాళ్లు మంచుబండ్లు లాగేందుకు వీటిని పెంచారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1935లో గుర్తింపు ఇచ్చింది. మగది సుమారు 38 కిలోలు, ఆడది 34 కిలోలు తూగుతుంది. చాలామంది దీన్ని సైబీరియన్ హస్కీ అనుకుంటారు. హస్కీ చిన్నది, వేగంగా పరిగెత్తే రకం. మాలమ్యూట్ బరువులు లాగే రకం.

స్వభావం ఎలా ఉంటుంది?
కాపలాకు పనికిరాదు. కొత్తవాళ్ల దగ్గరికి కూడా తోక ఊపుకుంటూ వెళ్తుంది. మొరగడం తక్కువ, ఊళ వేయడం ఎక్కువ. పెరట్లో కోళ్లు, పిల్లులు కనిపిస్తే వెంటపడుతుంది. కాస్త మొండిది కాబట్టి పిల్లగా ఉన్నప్పుడే ట్రైనింగ్ మొదలుపెట్టాలి. పని లేకుండా కట్టేస్తే గోతులు తవ్వుతుంది, సోఫాలు చింపేస్తుంది.

అసలు సమస్య ఉక్కపోతే
కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పినప్పుడు నోటి తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి త్వరగా ఆరదు. అందుకే ఎండ తగ్గినా ఉక్కపోత ఉంటే దీనికి ఊరట తక్కువే. పైగా రెండు పొరల బొచ్చు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
- వాకింగ్ తెల్లవారుజామున, పొద్దు పోయాకే. తారురోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.
- పగలు ఏసీ గదిలో ఉంచాలి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి.
- వేడి తగ్గుతుందని గుండు గీయించొద్దు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు. రోజూ దువ్వితే చాలు.

వడదెబ్బ తగిలితే?
ఆగకుండా రొప్పడం, చొంగ కారడం, తూలడం, వాంతులు కనిపిస్తే వెంటనే చల్లటి చోటుకు మార్చాలి. ఒంటి మీద నీళ్లు పోసి ఫ్యాన్ వేయాలి. తేరుకున్నట్టు కనిపించినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి.

పొరుగున ఉన్న తమిళనాడు 2024లో తెచ్చిన కుక్కల బ్రీడింగ్ పాలసీ మాలమ్యూట్‌ను, హస్కీని అక్కడి వాతావరణానికి సరిపడని జాతుల్లో చేర్చింది. నెల్లూరు ఎండలూ అంతకు తక్కువేం కాదు. చల్లటి గది, రెండు పూటలా తిప్పే ఓపిక లేకపోతే.. కొనకపోవడమే ఆ మూగజీవానికి మేలు.