కంపెనీ నిర్ణయాల్లో మీ ఓటు ఎక్కడ చెల్లుతుంది?

బంగారుపాళ్యంలో కూర్చొని ఫోన్‌లోనే షేర్లు కొంటున్నారా? పది షేర్లున్నా మీరు ఆ కంపెనీలో వాటాదారే. అలాగని యాజమాన్యం తీసుకునే ప్రతి నిర్ణయానికీ మీ అనుమతి అక్కర్లేదు. మరి ఎక్కడ కావాలి?

బోర్డు చేతిలో ఉన్నవి

ధరలు, ఉద్యోగుల నియామకం, యంత్రాల కొనుగోలు వంటివి బోర్డు, ఎండీ చూసుకుంటారు. వీటికి ప్రతిసారీ లక్షల మందిని అడిగితే వ్యాపారం సాగదు.

మీరు ఓటేయాల్సినవి

* సాధారణ తీర్మానం: పోలైన ఓట్లలో సగానికి మించి కావాలి. డైరెక్టర్ల నియామకం, తొలగింపు, డివిడెండ్ ఇందులోకి వస్తాయి.
* ప్రత్యేక తీర్మానం: కనీసం 75 శాతం కావాలి. కంపెనీ పేరు మార్చాలన్నా ఇదే దారి. తిరుపతి దగ్గరి కరకంబాడి కేంద్రంగా ఉన్న అమర రాజా బ్యాటరీస్ 2023లో అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. ఇలాంటి మార్పునకు వాటాదారుల ఆమోదం తప్పనిసరి.

షేరుకో ఓటు కాబట్టి, ప్రమోటర్లకు సగానికి పైగా వాటా ఉంటే సాధారణ తీర్మానం వారి ఓట్లతోనే నెగ్గుతుంది. ప్రత్యేక తీర్మానాల్లోనే చిన్న వాటాదారులకు పట్టు ఎక్కువ.

సత్యం నేర్పిన పాఠం

2008 డిసెంబరు 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో మెజారిటీ వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. ఆ రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందినవే. వాటాదారులను అడగలేదు. సత్యంలో ప్రమోటర్ల వాటా మాత్రం పది శాతం లోపే. ఇన్వెస్టర్లు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకే, 2009 జనవరి 7న, లెక్కలు తప్పుడువని రాజు స్వయంగా ఒప్పుకున్నారు.

ఇప్పుడు లిస్టెడ్ కంపెనీ తన సంబంధీకులతో పెద్ద లావాదేవీ జరపాలంటే వాటాదారుల ఆమోదం ఉండాలి. సంబంధీకులు దానికి అనుకూలంగా ఓటు వేయకూడదు. సొంత లాభం ఉన్నచోట యాజమాన్యానికే తీర్పు వదలకూడదన్నది ఇందులోని సూత్రం.

ఓటు ఎలా వేయాలి?

1. వార్షిక సమావేశం నోటీసు కనీసం 21 రోజుల ముందు ఈమెయిల్‌కు వస్తుంది. తీర్మానాలు చదవండి.
2. కటాఫ్ తేదీకి డీమ్యాట్‌లో షేర్లుంటే ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ ద్వారా ఈ-ఓటు వేయొచ్చు.
3. గడువు కనీసం మూడు రోజులు. సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది.

మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి పెడితే ఆ ఓటు ఫండ్ సంస్థ వేస్తుంది.

మామిడి రైతులకు

మీ రైతు ఉత్పత్తిదారుల సంస్థ ప్రొడ్యూసర్ కంపెనీగా నమోదై, సభ్యులంతా రైతులే అయితే లెక్క వేరు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు.

ఫిర్యాదు ఎక్కడ?

డివిడెండ్ అందకపోతే, షేర్ల బదిలీ ఆగితే ముందు కంపెనీకి రాయండి. పరిష్కారం కాకుంటే సెబీ ‘స్కోర్స్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. కంపెనీ 21 రోజుల్లో స్పందించాలి. షేరు ధర పడిందన్నది మాత్రం ఫిర్యాదు కిందకు రాదు.